అనంతపురం ఎండకు ఏ జెంబే ఆగుతుంది?

బెంగళూరులో డ్రమ్ సర్కిల్‌కో, ఆఫ్రికన్ డ్యాన్స్ వర్క్‌షాపుకో వెళ్ళొచ్చినవాళ్ళు ఇల్లు చేరగానే ఫోన్లో జెంబే, అంటే అరచేతులతో వాయించే పశ్చిమాఫ్రికా డ్రమ్ము, వెతుకుతారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో కాలేజీ వార్షికోత్సవానికి ‘ఆఫ్రికన్ ఐటమ్’ కట్టే డ్యాన్స్ మాస్టర్లదీ అదే దారి. అక్కడ ఒకే పేరుతో మూడు రకాల సరుకు కనబడుతుంది: తాళ్ళతో బిగించిన మేకతోలు జెంబే, బోల్టులతో బిగించే సింథటిక్ తోలు జెంబే, రంగులు పూసిన 8 అంగుళాల బుల్లి జెంబే. ఫొటోల్లో సైజు తేడా తెలియదు. మూడోదాని సంగతి ఇక్కడే తేల్చేద్దాం. అది షోకేసులో పెట్టుకునే బొమ్మ. దాని కడుపులో గాలికి చోటు లేదు, అందుకని బేస్ (లోతైన మోత) పలకదు. పిల్లల పుట్టినరోజుకి ఇవ్వాలంటే ఇవ్వండి, స్టేజీ మీదికి మాత్రం తేవద్దు.

మిగిలిన రెండింట్లో ఏది కొనాలన్నది వాయించేవాడి కన్నా ఎక్కువగా మన ఎండ మీద ఆధారపడుతుంది. అమ్మేవాళ్ళు చెప్పనిది ఇదొక్కటే.

జెంబే పశ్చిమాఫ్రికాలో మాండే జాతులది. మాలి, గినీ దేశాల్లో పంటకోతకి, పెళ్ళికి, ఒడుగుకి దేనికి వాయించే లయ దానికుంది. పెద్ద స్టేజీలకు అది ఎక్కింది మాత్రం 1950ల్లో, గినీకి చెందిన ఫోదేబా కేటా నడిపిన ‘లే బాలే ఆఫ్రికేన్’ బృందంతో. అసలు డ్రమ్ము ఒకే మొద్దును తొలిచి చేస్తారు. ముఖం వ్యాసం 30 నుంచి 38 సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు 5 నుంచి 13 కిలోలు. మనకు ఆన్‌లైన్లో వచ్చేవాటిలో చాలావరకు ఇండోనేసియాలో మహాగనితో చేసినవి. కట్టె కాస్త తేలిక. లోపలి గోడను నునుపు చేసి వదిలేస్తారు కాబట్టి శబ్దంలో గరుకు కొంచెం తగ్గుతుంది. నేర్చుకునేవాడికి అది పెద్ద లోటు కాదు. చెక్క ముక్కలు అతికించి చేసినదాన్ని మాత్రం వద్దనాల్సిందే. అతుకులన్నీ ఒక్క వేసవికే నోరు తెరుస్తాయి.

వాద్యం మూడు మాటలు పలకాలి. నడిమధ్య అరచేయి మొత్తం ఆనిస్తే బేస్. అంచున వేళ్ళు కలిపి కొడితే టోన్. అంచునే వేళ్ళు వదులుగా విదిలిస్తే స్లాప్. బేస్ వచ్చేది తోలు నుంచి కాదు, లోపలి గాలి నుంచి. సీసా మూతి దగ్గర ఊదితే హూమని మోగినట్టే. దాని లెక్క 65 నుంచి 80 హెర్ట్‌జ్. టోన్ 300 నుంచి 420 దాకా, స్లాప్ 700 దాటి. ఇంత దూరం ఉంది కాబట్టే ఒక్క డ్రమ్ము ముగ్గురు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. నేల మీద నిటారుగా నిలబెట్టి కొడితే అడుగు మూసుకుపోయి బేస్ చచ్చిపోతుంది. కూర్చుని వాయిస్తే ముందుకు వంచి కాళ్ళ మధ్య పట్టుకోవాలి, నిలబడితే పటకాతో కట్టుకోవాలి. ‘బేస్ లేదు’ అని ఒక నక్షత్రం రేటింగు ఇచ్చి తిప్పి పంపేవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఇదే.

ఇక తోలు. మన దప్పుకీ మేకతోలే, జెంబేకీ మేకతోలే. అందుకే దప్పు వాయించే చేతులకి ఇది తొందరగా అర్థమవుతుంది. కానీ రెండు అలవాట్లు వదులుకోవాలి. చిర్ర, చిటికెన పుల్లతో జెంబేని తాకకూడదు. ఆ తోలు అరచేతి దెబ్బకే తగినది, కట్టె తగిలితే చిరుగుతుంది. ఉంగరాలు, కడియం కూడా తీసి పక్కన పెట్టాల్సిందే. రెండోది సెగ. దప్పుని ఆటకు ముందు మంట దగ్గర కాస్తాం. తాళ్ళ పద్ధతి రాకముందు పశ్చిమాఫ్రికాలోనూ తోలు పట్టీలతో కట్టి మంట చూపించేవారు. ఇప్పటి జెంబే అలా కాదు, తాడుతో ముందే లాగి పెట్టి ఉంటుంది. దానికి సెగ కూడా చూపిస్తే తోలు అంచు దగ్గర ‘టప్’మని తెగుతుంది.

ఆ మంట పని మన ఎండ ఎలాగూ చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో 40 డిగ్రీలు దాటడం మామూలు, గాలిలో తేమ ఉండదు. తోలు ఎండి దానంతటదే బిగుస్తుంది. జనవరిలో సరిగ్గా శ్రుతి చేసి పెట్టిన జెంబే మే నెలకి గంట మోగినట్టు పలుకుతుంది, ఇంకో వారానికి తెగుతుంది. తెగేది వాయించేటప్పుడు అనుకుంటారు. చాలాసార్లు ఎవరూ ముట్టుకోకుండానే, మూసిన కారు డిక్కీలోనో, బస్సు టాపు మీదో, రేకుల షెడ్డులోనో తెగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు ముసురులో దీనికి తలకిందులు: తోలు నానినట్టై మెత్తబడి, స్లాప్ బదులు చప్పగా ‘దబ్’మంటుంది.

దీనికి విరుగుడు తాడులోనే ఉంది. జెంబే పైనుంచి కిందికి నిలువు తాళ్ళు ఉంటాయి, వాటి అడుగున అడ్డంగా అల్లిన వజ్రాకారపు ముళ్ళు (ముడులు) ఉంటాయి. మిగిలిన తాడు కొసను రెండు నిలువు తాళ్ళ కిందుగా పోనిచ్చి, వెనక్కి రెండోదాని మీదుగా తెచ్చి, మొదటిదాని కిందుగా దూర్చి గట్టిగా లాగితే ఆ రెండూ ఒకదాని మీదికొకటి మెలిపడతాయి. అదొక ముడి. శ్రుతి కొంచెం పెరుగుతుంది. ఒక్కసారికి రెండు మూడు ముళ్ళకు మించకుండా వేసి, తోలు సర్దుకునేదాకా ఆగి, మళ్ళీ వినాలి. వేసవి వచ్చేముందు, మార్చి నెలలోనే, చివరి నాలుగైదు ముళ్ళు విప్పేయాలి. ఆగస్టు తర్వాత మళ్ళీ వేసుకోవచ్చు. ప్రోగ్రాం ఉన్న రోజు బిగించి, అయిపోగానే వదులు చేస్తే ఇంకా మంచిది.

డ్రమ్ము చేతికి వచ్చిన రోజే ఎన్ని ముళ్ళు పడి ఉన్నాయో లెక్కపెట్టండి. చుట్టూ ఒక వరుస నిండిపోయి రెండో వరుస సగంలో ఉంటే, నిలువు తాళ్ళు సరిగా లాగకుండా ముళ్ళతో కప్పిపుచ్చారన్నమాట. ముందు ముందు బిగించడానికి చోటు మిగలదు. ముఖం మీద వెన్నుగీత (మేక వెన్నెముక ఉన్న చోటి గీత) చూడండి. అది సరిగ్గా మధ్యలో పోవాలి, పక్కకి జరిగితే ఒక వైపు టోన్ ఒకలా, ఇంకోవైపు ఇంకోలా వస్తుంది. పై రింగు అంచుకు అన్ని వైపులా ఒకే ఎత్తులో ఉందో లేదో వేలితో కొలిస్తే చాలు. తర్వాత డ్రమ్మును ఎత్తి, లోపల్నుంచి లైటు వేసి చీకట్లో బయటినుంచి చూడాలి. సన్నటి వెలుగు గీత కనబడితే పగులు. చెక్కుడు పనిలో రంగు ఎక్కువ మందంగా పూసిన చోట పుట్టీ ఉందేమో గోటితో గీకండి. బట్టల కొట్టువాడు నేత చూసినట్టు చూడాలి, మొహమాటపడితే తర్వాత చేసేదేం లేదు.

తోలు తెగిందనుకుందాం. మృదంగానికి, డోలుకి తోలు వేసేవాళ్ళకి ఆ పని క్షుణ్ణంగా తెలుసుగానీ రింగులూ తాడూ ఉన్న ఈ పద్ధతి వేరు. ఒకసారి చూపిస్తే పట్టేస్తారు. కావలసినవి: వెంట్రుకలు తీసిన లేక తీయని మేకతోలు, గాయాలు, పురుగు రంధ్రాలు లేనిది; సాగని పాలియెస్టర్ తాడు 5 మి.మీ., 12 అంగుళాల డ్రమ్ముకు 30 మీటర్ల దాకా. పాత రింగులు వంకరపోతే 8 మి.మీ. ఇనుప కడ్డీతో మూడు రింగులు (తోలును చుట్టే తోలు రింగు, దాని మీద కూర్చునే పై రింగు, నడుము దగ్గరి అడుగు రింగు), ఏ వెల్డరైనా చేస్తాడు. తోలు రింగు డ్రమ్ము నోటికన్నా కాస్తే పెద్దదిగా ఉండాలి. మరీ వదులైతే తోలు జారుతుంది, మరీ బిగుతైతే కిందికి దిగదు. రింగులకు నూలుగుడ్డ చుట్టకపోతే తుప్పు తోలును తినేస్తుంది. తోలును చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. వేడి నీళ్ళు పోస్తే ఉడికిపోయి పనికిరాదు. తడిగా ఉండగానే రింగుల మధ్య మడిచి, చేతికి అందినంత సమంగా లాగి, నీడలో వదిలేయాలి. ఇక్కడే మనవాళ్ళ ఓపిక చచ్చిపోతుంది. ‘మన ఎండకి గంటలో ఆరుతుంది’ అని మిద్దె మీద పెడతారు. పైపొర ఆరి లోపలి పొర తడిగా ఉండి, తోలు వంకరగా గుంజుకుంటుంది. ఎండాకాలమైనా నీడలో నాలుగైదు రోజులు ఆగాలి. బాగా ఆరాకే కట్టర్ బ్లేడుతో వెంట్రుకలు గీకి, నిలువు తాళ్ళను రెండు మూడు చుట్లు లాగి, ఆ తర్వాతే ముళ్ళ జోలికి పోవాలి. ముఖానికి నూనె రాయొద్దు, మోత చస్తుంది. కట్టెకైతే లోపలా బయటా అవిసె నూనె పలుచగా పూస్తే పగుళ్ళు తగ్గుతాయి.

ఇంత తతంగం ఎవరు చేస్తారు అనేవాళ్ళకే బోల్టుల జెంబే. ఫైబర్ లేదా కట్టెపొడిని అదిమి చేసిన గుల్ల, ప్లాస్టిక్ ముఖం, చుట్టూ బోల్టులు. రెమో కంపెనీ అకూస్టికాన్ గుల్ల ఈ రకానికి మంచి ఉదాహరణ. ఎండకి తెగదు, వానకి మెత్తబడదు, స్పానర్ ఉంటే రెండు నిమిషాల్లో శ్రుతి. ఎదురెదురు బోల్టులను పావు తిప్పు చొప్పున మార్చి మార్చి తిప్పాలి, వరసగా తిప్పుకుంటూ పోతే ముఖం ఒకవైపు కుంగుతుంది. నష్టమేంటంటే స్లాప్ తీక్షణంగా, రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది, బేస్‌లో వెచ్చదనం ఉండదు. గంటసేపు వాయిస్తే అరచెయ్యి కూడా ఎక్కువ మండుతుంది. అయినా నలభై మంది పిల్లల చేతులు మారే స్కూలుకి, ఊరూరా తిరిగే బృందానికి ఇదే సరైనది. ఒక మనిషి, ఒక డ్రమ్ము, రోజూ సాధన అనుకుంటే మేకతోలు 12 లేదా 13 అంగుళాలదే కొనండి, కొన్ని ముళ్ళు నేర్చుకోండి.

ఒక్క జెంబేతో ‘ఆఫ్రికన్ బృందం’ అనిపించుకోవాలనుకోవడం డోలు లేకుండా నాదస్వరం పెట్టినట్టే. కనీసం రెండు వంతపాట జెంబేలు, ముందుండి నడిపే జెంబే ఒకటి, వెనక పుల్లతో కొట్టే దునున్ డ్రమ్ములు కావాలి. ఇవి మూడు: కెంకెని చిన్నది, సంగ్బన్ నడిమిది, దునున్బా పెద్దది. లయ నడిచేది వీటి మీదే. దునున్బా దొరక్కపోతే రెండు వైపులా తోలున్న పెద్ద డోలును అడ్డంగా పడుకోబెట్టి ఒక వైపు మందపు కర్రతో కొడితే పని జరుగుతుంది. అనంతపురం ఉరుముల వాళ్ళ ఉరుము వాద్యానికి ఆ గంభీరం ఉందిగానీ, దాని వాయింపు తీరు వేరు, దానికి దేవర (గ్రామదేవత కొలుపు) పని ఉంది. స్టేజీ ఐటమ్ కోసం దాన్ని అరువు తెచ్చుకోకపోవడమే మర్యాద.

కరీబియన్ వస్తువు కావాలనేవాళ్ళు స్టీల్ పాన్ అడుగుతారు. అది ట్రినిడాడ్‌ది, 55 గ్యాలన్ల నూనె పీపా అడుగును సుత్తితో కొట్టి స్వరాలు తెచ్చినది. ఆన్‌లైన్లో ‘స్టీల్ డ్రమ్’ పేరుతో వచ్చే చీలికల గిన్నె అది కాదు, దాన్ని టంగ్ డ్రమ్ అంటారు. వేళ్ళతో మీటితే మెల్లగా మోగుతుంది, ఊరేగింపుకి పనికిరాదు. అసలు పాన్ శ్రుతి తప్పితే సుత్తితో సరిచేసే పనివాడు ప్రత్యేకంగా ఉండాలి. ఆ పనివాడిని ముందు వెతికి పెట్టుకోకుండా కొనవద్దు.

స్టేజీ మీద మైకు ఒకటే ఇస్తే జెంబే సగం చస్తుంది. మన సౌండువాళ్ళు అలవాటుగా పైన పెడతారు, అప్పుడు స్లాప్ ఒక్కటే హాలంతా చెవులు చిల్లులు పొడుస్తుంది. ఒకటే ఉంటే కిందినోటి దగ్గర, జానెడు దూరంలో, కాస్త పక్కకి తిప్పి పెట్టమనండి. రెండు ఉంటే రెండోది పైన, చేతులకు తగలకుండా. సౌండు చెకింగులో బేస్‌ని ముందు వినిపించి, ఆ తర్వాతే పై మైకు తెరవమని అడగాలి. ఆర్డరు పెట్టే నెల కూడా చూసుకోండి: మేకతోలు డ్రమ్ము నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య తెప్పిస్తే దారిలో తెగే భయం తక్కువ, వేసవికి ముందు ముళ్ళు విప్పడం నేర్చుకునే వ్యవధీ దొరుకుతుంది.