శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సముద్రపు బోటు: కొనొచ్చా?

సముద్రం మీద తిరిగే బోటును కృష్ణ నీళ్ళకు తెచ్చుకుంటే ఎట్లుంటుందని కర్నూల్లో గాలం వేసే మిత్రులు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. 19 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజను. కోస్తాలో ఒక రిసార్టు వాళ్ళు టూరిస్టులను తిప్పడానికి వాడి, రిసార్టు మూసేశాక అమ్మేశారు. బోటు, ఇంజను, ట్రైలరు కలిపి 2 లక్షల 60 వేలకు తెగింది. తయారుచేసిన యార్డు పేరు దాని మీద ఎక్కడా లేదు. అందుకని దీన్ని ఒక కంపెనీ మీద రివ్యూగా తీసుకోవద్దు. ఈ తరహా బోటు మన నీళ్ళకు పనికొస్తుందా లేదా అన్నదే నేను చెప్పగలిగేది.

ఈ పిచ్చి నాకు ఎక్కించింది మా మేనల్లుడు. వాడు అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే లేక్ సెయింట్ క్లెయిర్‌లో మస్కీ వేటకు పోతుంటాడు. మస్కీ అంటే మస్కెలంజ్, పైక్ జాతి చేపల్లో అన్నిటికన్నా పెద్దది. పొడుగు మూతి, నోటినిండా పళ్ళు. పదివేల సార్లు గాలం విసిరితే ఒకసారి పడే చేప అని అక్కడ దానికి పేరు. విస్కాన్సిన్ రాష్ట్రం దాన్ని 1955లోనే రాష్ట్ర చేపగా పెట్టుకుంది. మంచినీళ్ళలో మాత్రమే బతికే ఆ చేప కోసం మావాడు ఎక్కేది ఫ్లోరిడా సముద్ర తీరాల కోసం డిజైన్ చేసిన బే బోటు. ఎందుకురా అంటే, "మామా, ఆ సరస్సు సగటు లోతు 11 అడుగులే. గాలి లేచిందంటే అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. చదును అడుగున్న బోటులో నడుము విరుగుతుంది" అన్నాడు. అది విన్నాక నాకు గుర్తొచ్చింది మన సంగమేశ్వరం దగ్గరి నీళ్ళే. నైరుతి గాలి రోజుల్లో మధ్యాహ్నం దాటితే అక్కడ పుట్టిలో, అంటే మన గుండ్రటి బుట్ట పడవలో, కూర్చున్నవాడికి దేవుడే దిక్కు.

ముందు డెక్కు సంగతి. డబ్బు పెట్టింది దీనికే అనుకుంటాను. స్టీరింగు నడిమధ్యలో ఉంటుంది, నిలబడి నడపాలి. దాని చుట్టూ నాలుగు వైపులా మనిషి నడవొచ్చు. ముందు అణియం మీద, వెనక అమరం దగ్గర కాస్త ఎత్తుగా చదునైన అరుగులు ఉన్నాయి, ఇద్దరు రెండు చివర్ల నిలబడి ఎవరి గాలం వాళ్ళు విసురుకోవచ్చు. నా రాడ్ ఎనిమిదిన్నర అడుగులు. పుట్టిలో కూర్చుని దాన్ని తిప్పితే పక్కవాడి చెవి పోతుంది. ఇక్కడ చేప పడి అటు దూకితే అటు, బోటు కిందుగా ఇటు వస్తే ఇటు, దారం ఇంజనుకు చుట్టుకోకుండా మనం దాని వెంట నడిచిపోవచ్చు. మస్కీ వాళ్ళకు ఈ చుట్టూ తిరిగే వీలు ఇంకా ముఖ్యం. ఆ చేప ఎరను తరుముకుంటూ బోటు అంచు దాకా వచ్చి ఆగిపోతుందట. అప్పుడు రాడ్ కొనను నీళ్ళలో ముంచి ఎరను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ ఉండాలి, చాలా చేపలు అక్కడే నోరు తెరుస్తాయి. నేనూ మన వాలుగ మీద ఆ ఎనిమిది చాలాసార్లు గీశాను. నా భుజం నొప్పి పుట్టిందే గానీ ఒక్క వాలుగ కూడా అలా వెంట రాలేదు. దానికి చూపు కన్నా మీసాల మీదే నమ్మకం ఎక్కువ. పొద్దువాలే వేళ అది కదులుతుంది, పగలు ఎక్కడో మడుగులో పడి ఉంటుంది.

అలల విషయంలో మావాడు చెప్పింది నిజమే. బోటు అడుగు 'వీ' ఆకారంలో ఉంటే అల మీద పడకుండా కోసుకుంటూ పోతుంది. నడిసముద్రానికి పోయే బోట్లకు వెనక చివర ఈ కోణం 20 నుంచి 24 డిగ్రీల దాకా పెడతారు, తీరం దగ్గర తిరిగే బే బోట్లకు పదిహేను అటూ ఇటూ. నా బోటును ట్రైలరు మీద పెట్టి కోణమానినితో కొలిస్తే 16 వచ్చింది. మన నీళ్ళకు ఇది చాలు, ఇంతకు మించితే అనవసరం. ఎందుకంటే కోణం పెరిగేకొద్దీ బోటు నడుస్తున్నప్పుడు సుఖం, ఆగినప్పుడు ఊగుడు. మనం చేపలు పట్టేది ఆగినప్పుడే కదా. 16 డిగ్రీలకే ఇద్దరం ఒక పక్కకు వస్తే బోటు అటు ఒరిగి, థర్మాస్ ఫ్లాస్కు ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లుతుంది.

గాలి దీనికి పెద్ద శత్రువు. పక్క గోడలు ఎత్తు. మొసళ్ళున్న నీళ్ళు కాబట్టి ఆ ఎత్తు ధైర్యంగానే ఉంటుంది, కానీ గాలికి అవే తెరచాపలు. ఇంజను ఆపి నాలుగు సార్లు గాలం విసిరేలోగా మనం అనుకున్న రాళ్ళ గుట్ట దగ్గర ఉండం. అమెరికాలో వాళ్ళు అణియానికి బ్యాటరీ మోటారు బిగిస్తారు. జీపీఎస్ చూసుకుంటూ అదే బోటును ఒకచోట నిలబెడుతుంది. ఇక్కడ దాని ఖరీదు వింటే బోటే చవక అనిపించింది. ఇద్దరుంటే ఒకరు లంగరు, ఒకరు గాలం. ఒంటరిగా పోయేవాడికి ఈ బోటు వద్దు.

డెక్కు నీటిమట్టం కన్నా పైన ఉండి, వెనక రెండు రంధ్రాలుంటాయి. వానొచ్చినా అల పైకొచ్చినా నీళ్ళు వాటంతట అవే బయటికి పోతాయి. సెప్టెంబరు వానలో డబ్బా పట్టుకుని తోడే పని తప్పింది, చాలా సుఖం. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. సముద్రపు నీరు ఘనపు మీటరుకు దాదాపు 1,025 కిలోలు తూగుతుంది, మంచినీరు 1,000. అందుకని అదే బోటు, అదే బరువుతో మన నీళ్ళలో కొంచెం ఎక్కువ మునుగుతుంది. మనుషులతో, పెట్రోలుతో కలిపి 800 కిలోలున్న బోటుకు ఆ తేడా దాదాపు 20 లీటర్లు. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ, ముగ్గురం వెనక వైపు చేరితే ఆ రంధ్రాల గుండానే నీళ్ళు లోపలికి వచ్చి చెప్పులు తడుస్తాయి. రబ్బరు మూతలు పెట్టుకున్నాం. మూతలు పెడితే వాన నీళ్ళు పోవు. కాబట్టి వానొస్తే మూత తీసి ఒకరు ముందుకు పోయి కూర్చుంటాం.

ఇక అసలు కష్టం నీళ్ళలో లేదు, ఒడ్డున ఉంది. మావాడి సరస్సులో నీటిమట్టం ఏడాదిలో అడుగో రెండడుగులో మారుతుంది. సిమెంటు ర్యాంపు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది, కారు వెనక్కి నడిపి బోటు దింపేసి కాఫీ తాగుతారు. మన శ్రీశైలం నిండితే 885 అడుగులు. ఎండాకాలానికి అది 840 దరిదాపులకు దిగి, సంగమేశ్వరుడి గుడి గోడలు బయటపడతాయి. ఆగస్టులో రోడ్డు చివర ఉన్న నీళ్ళు మార్చికి ఎక్కడికో పోతాయి, మధ్యలో మిగిలేది ఒండ్రు. పైన నెర్రెలు విచ్చి గట్టిగా కనబడుతుంది, ట్రైలరు చక్రం ఎక్కితే లోపల మెత్తగా దిగిపోతుంది. బోటు, ఇంజను, ట్రైలరు కలిపితే 800 కిలోలకు తక్కువ లేదు. ముచ్చుమర్రి వైపు నాతో పాటు వేటకొచ్చే జాలరి మొదటి చూపులోనే చెప్పాడు: "బోటు బాగుండాది అన్నా, కాదనను. నీల్లు దిగినంక దీన్ని ఎవరు మోస్తారు? ఒండ్రులో ట్రాక్టరే కూరుకుంటాది." ఆయన పుట్టిని ఒక్కడే నెత్తిన బోర్లించుకుని గొడుగు పట్టుకున్నట్టు నడిచిపోతాడు. ఇప్పుడు మేము చేసేది ఇది: నీళ్ళు 870 దాటితే బోటు దింపుతాం, 860కి వచ్చేసరికి బయటికి లాగేస్తాం. జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు కాలువకు ఎంత వదులుతున్నారో పేపర్లో రైతులకన్నా ముందు నేను చూస్తున్నాను. మంచి వానలు పడిన ఏడాది ఆగస్టు నుంచి జనవరి దాకా వాడొచ్చు. మిగతా నెలలు బోటు మా షాపు వెనక టార్పాలిన్ కింద, మేము పుట్టిలో.

నీళ్ళు దిగే రోజుల్లో ఇంకో టెన్షన్, కింద ఏముందో తెలియకపోవడం. ఈ జలాశయం కింద ఊళ్ళున్నాయి, గోడలున్నాయి, బావుల ఒరలున్నాయి, చెట్ల మోళ్ళున్నాయి. అల్యూమినియం బోటు రాయికి తగిలితే సొట్ట పడుతుంది, ఫైబర్ అయితే పై పూత పగిలి లోపలి నారలోకి నీరు పాకుతుంది. నా బోటుకు అలాంటి గీతలు కొన్ని పడ్డాయి. రెజిన్, ఫైబర్ మ్యాట్ తెచ్చి అతికించుకున్నాం, ఆ పని కర్నూల్లోనే అవుతుంది. ఒడ్డు దగ్గరికి రాగానే ఇంజను పైకెత్తి గెడ వేసుకుంటూ రావడం అలవాటు చేసుకోవాలి.

పెద్ద చేపను పైకి తీసుకోవడంలో ఈ ఎత్తు గోడలు ఇబ్బందే. మస్కీ వాళ్ళు చేపను పెద్ద వలబుట్టలో నీళ్ళలోనే ఉంచి, పొడుగు పట్టకారుతో గాలం తీసి వదిలేస్తారు. మావాడు ఫొటో కోసం కూడా ఎక్కువసేపు బయట పట్టడు. నేను వాలుగకు అదే పద్ధతి చేద్దామంటే నీళ్ళు అందాలంటే పొట్ట మీద పడుకోవాలి. వలబుట్ట కర్ర పొడుగు చేయించాక కొంత నయం. పెద్ద వాలుగను వదిలేస్తే మా జాలరి ఆ రోజంతా నాతో సరిగా మాట్లాడడు. దాని ధర ఆయనకు తెలుసు. కానీ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ చేపను ముప్పున్న జాతుల్లో చేర్చింది. కళ్ళు కూడా సరిగా తెరవని పిల్లలను ఊడ్చేసే అలివి వలలు ఒకవైపు ఉండగా నేనొకడిని వదిలితే ఏమవుతుందని ఆయన అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అయినా పెద్దవాటిని వదులుతాను, బొచ్చెలు, జెల్లలు ఇంటికి తెస్తాను. ఐసు పెట్టె మాత్రం సముద్రపు బోటుదే గొప్ప. పొద్దున వేసిన ఐసు మన ఎండకు సాయంత్రం దాకా సగమైనా మిగులుతుంది.

పెట్రోలు గురించి చెప్పాలంటే బాధ. పూర్తి వేగంతో గంటకు 18 లీటర్లు తాగుతుంది. సగం వేగంలో పోతే భరించగలం, ఎలాగూ మోళ్ళ మధ్య అంతకన్నా వేగం పనికిరాదు. ఇదే బోటుకు 25 హెచ్‌పీ చాలని ఇప్పుడు అనిపిస్తోంది. బోటు కాగితాలు, మత్స్యశాఖ లైసెన్సు, మనిషికో లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం దిగకండి. 2019లో గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం చూశాక కూడా జాకెట్‌ను సీటు కింద కూర్చునే దిండుగా వాడేవాళ్ళను చూస్తుంటాను.

కొనేవాళ్ళు సెకండ్ హ్యాండుదే కొంటారు కాబట్టి చూడాల్సినవి. ఇంజను బిగించే వెనక చెక్కను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. టక్ టక్‌మంటే సరే, మొద్దుగా మోగితే లోపల చెక్క కుళ్ళినట్టు, ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంజను నడుస్తుంటే పక్కనుంచి చిన్న నీటి ధార రావాలి. సముద్రంలో వాడి కడగని ఇంజన్లకు ఆ దారుల్లో ఉప్పు పేరుకుని ధార సన్నబడుతుంది. మన దగ్గర ఉప్పు బాధ లేదు గానీ బురద ఉంది, నీళ్ళు తోడే రబ్బరు చక్రం తొందరగా అరుగుతుంది. స్పేరు ఒకటి కోస్తా నుంచే తెప్పించుకోండి.

చివరగా ఎవరూ చెప్పని సంగతి ఒకటి. సముద్రపు ఇంజన్లకు తుప్పు తన మీద వేసుకోవడానికి ఒక జింకు దిమ్మ బిగించి ఉంటుంది. మంచినీళ్ళలో దాని మీద పొర కట్టి అది పని మానేస్తుంది, అప్పుడు తినేది ఇంజను అల్యూమినియాన్నే. మంచినీళ్ళకు మెగ్నీషియం దిమ్మ కావాలి. అది కర్నూల్లో ఏ షాపులోనూ దొరకలేదు. మోటార్ల వైండింగ్ చేసేవాణ్ణి కాబట్టి గీజర్లు కూడా మా షాపుకు వస్తుంటాయి. గీజరు ట్యాంకులో తుప్పు పట్టకుండా పెట్టే కడ్డీ మెగ్నీషియమే. 300 రూపాయల కడ్డీ కొని, బళ్ళారి చౌరస్తా దగ్గర లేత్ మీద కోయించి, పాత జింకు స్థానంలో రంగు గీకి లోహానికి లోహం తగిలేలా బిగించాను. సీజను అయ్యాక విప్పి చూస్తే కడ్డీ సగం తినేసి ఉంది, ఇంజను కాలు మీద మచ్చ లేదు.