4.6 స్టార్ల లాడ్జి, 3.6 స్టార్ల భోజనం

నాంపల్లి దగ్గర మేం దిగిన లాడ్జికి 4.6 స్టార్లు. 1,900 మందికి పైగా రేటింగ్ ఇచ్చారు. అది చూసే రోజుకు 1,850 చొప్పున రెండు రాత్రులకు ముందే డబ్బు కట్టేశాను. తీరా గది చూశాక, బుక్ చేసింది నేనే కాబట్టి మావారి మొహం చూడడానికి కూడా ఇబ్బందిగా ఉండింది.

ఖమ్మంలో నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగ్ క్లాత్, ఫాల్స్, లేసులు బేగంబజార్ నుంచి తెచ్చుకుంటాను. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం చూడాలని అత్తయ్య అడిగితే ఆవిడనూ తీసుకెళ్లాం. బస్సు దిగిన ఎంజీబీఎస్ నుంచి మెట్రోలో మూడో స్టేషనే నాంపల్లి. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఫొటోల్లో పెద్ద కిటికీ, పక్కన రెండు కుర్చీలు ఉన్నాయి. "ఆ రూముల్లో పెయింటింగ్ నడుస్తోంది మేడమ్" అంటూ కౌంటర్ కుర్రాడు మమ్మల్ని సెల్లార్‌లోకి దింపాడు. 14 మెట్లు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. గదికి కిటికీయే లేదు. గోడ అవతల జనరేటర్. దుప్పటి మీద ఎవరివో తల వెంట్రుకలు. మార్చమంటే అరగంటకు ఇంకోటి తెచ్చాడు, అది ఇంకా ఆరలేదు. గీజర్ లైటు వెలిగింది గానీ నీళ్లు చల్లగానే వచ్చాయి. ఎక్స్‌ట్రా బెడ్ అని 500 వేసి పలుచటి బొంత ఇచ్చారు. డబ్బు వాపసు అడిగితే "యాప్‌లో కట్టారు కదా, వాళ్లనే అడగండి" అన్నారు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే లాడ్జి వాళ్లను అడగమన్నారు. మావారు ఆ రాత్రి నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంతకంటే తిట్టినా బాగుండేది.

రెండో రోజు హాయిగా గడిచింది. మ్యూజియం గడియారంలోంచి గంట కొట్టే బొమ్మ బయటికి రాగానే అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది (శుక్రవారం మ్యూజియం సెలవు, చూసుకుని వెళ్లండి). సాయంత్రం లాడ్ బజార్‌లో ఒకాయన గాజులు చేస్తుంటే అరగంట నిలబడిపోయాను. బొగ్గుల సెగ మీద లక్క మెత్తబడగానే సాగదీసి, పలకలా అదిమి, గుండ్రంగా వంచుతాడు. వేడి ఆరకముందే ఒక్కో రాయీ అద్దుతాడు. ఆయన వేళ్ల చివర్లు నున్నగా అయిపోయి ఉన్నాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. జత 250 చెప్పి 200కి ఇచ్చాడు. ఆ షాపుకు ఎన్ని స్టార్లున్నాయో చూడాలన్న ఆలోచనే రాలేదు, సరుకు కళ్ల ముందే తయారవుతోంది కదా.

మూడో రోజు ఖాళీ చేసేటప్పుడు అసలు సంగతి బయటపడింది. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. "ఐదు స్టార్లు పెడితే ఎక్స్‌ట్రా బెడ్‌లో 200 తగ్గిస్తాను. నా ముందే పెట్టండి మేడమ్" అన్నాడు కుర్రాడు. విసిగిపోయి ఉన్న మావారు ఫోన్ తీశారు. చెయ్యి పట్టుకుని ఆపాను. మా వెనకున్నాయన రైలు టైమైందని గబగబా ఐదు నొక్కేసి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను. ఆ 4.6 ఎలా వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. 200 వదులుకుని ఎక్స్‌ట్రా బెడ్ 500 పూర్తిగా కట్టి వచ్చాం. ముందు కట్టినదానితో కలిపి మొత్తం 4,200.

ఆకలితో కోఠిలో ఓ సందులో మెస్ కనబడితే దూరాం. అలవాటుగా ఫోన్‌లో చూస్తే 3.6. మావారు వద్దన్నారు, అత్తయ్య అప్పటికే కూర్చుంది. భోజనం 110. దోసకాయ పప్పు, అప్పుడే నూరిన బీరకాయ పచ్చడి, వంకాయ కూర, పప్పుచారు, గట్టి పెరుగు. "పెద్దమ్మా, ఇంకొంచెం పెట్టుకో" అంటూ వడ్డించింది మెస్ నడిపే ఆవిడ. మావారు పచ్చడి మూడుసార్లు వేయించుకున్నారు. ఈ ట్రిప్‌లో ఆయన నవ్వు చూసింది అప్పుడే.

ఇంత బాగుంటే 3.6 ఏంటక్కా అని అడిగాను. ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. "మేం పెట్టలే చెల్లె. ఎవరో మ్యాప్‌ల మా మెస్ పెట్టిండ్రు. ఒకడు చికెన్ ముక్క ఉడకలేదని ఒక్క స్టార్ పెట్టిండు. మా దగ్గర గుడ్డు కూడా వండం." కొడుకు రిపోర్టు కొడితే నిబంధనలకు విరుద్ధంగా లేదని జవాబు వచ్చిందట. తర్వాత ఎవరో ఫోన్ చేసి 6,000 ఇస్తే 50 మంచి రివ్యూలు రాయిస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ వారంలోనే మూడు ఒక్క స్టార్లు పడ్డాయి. ఆ ఫోన్ చేసినవాళ్లే పెట్టారని రుజువేమీ లేదు, కానీ ఆవిడ అనుమానం అదే. నాదీ అదే.

లెక్క వేసి చూడండి. 20 మంది కలిసి 4.5 ఇచ్చిన చోట ముగ్గురు ఒక్కో స్టార్ పెడితే రేటింగ్ 4కి పడుతుంది. 2,000 మంది ఇచ్చిన చోట అదే ముగ్గురి వల్ల 4.5 కదలదు. చిన్న దుకాణం వాళ్లకు ఈ స్టార్లంటే ఎందుకంత కోపమో షాపు నడిపే నాకు బాగా తెలుసు. ఎవడో రాస్తాడు, ఎవడో లెక్క కడతాడు, గిరాకీ పోయేది మాత్రం మనకి. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ఐఎస్ 19000 అని మన బీఐఎస్ (సరుకులకు, సేవలకు నాణ్యతా ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) ఒక ప్రమాణం తెచ్చింది గానీ, అది పాటించాలా వద్దా అన్నది ఆయా సైట్ల ఇష్టం. స్వచ్ఛందం అంటే ఆ లాడ్జి లాంటివాళ్లకు భయమెందుకుంటుంది? దాన్ని తప్పనిసరి చేయాలి. నేను మాత్రం ఖమ్మం రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఆ లాడ్జి మీద ఫిర్యాదు నమోదు చేయించాను. మీకు ఇలా జరిగితే గది ఫొటోలు, బిల్లు దాచి పెట్టుకోండి.

మంచి రివ్యూ రాస్తానంటే ఆ అక్క వద్దంది. "నువ్వు ఐదు పెడితే ఇంకెవడో ఒకటి పెడ్తడు. నలుగురికి నోటితో చెప్పు, చాలు." పేరు కూడా రాయొద్దంది, అందుకే రాయడం లేదు. కోఠి వైపు వెళ్లేవాళ్లు నన్ను అడగండి, దారి చెప్తాను. ఒంటిగంటలోపే వెళ్లండి, రెండు దాటితే బీరకాయ పచ్చడి మిగలదు.