సినిమా వేసి పాఠం చెప్పాలంటే ఏది మేలు: పూర్తి సినిమానా, చిన్న ముక్కా, పక్క ఊళ్లో తీసిన వీడియోనా?

మొన్న స్టాఫ్ రూమ్‌లో మళ్లీ అదే గొడవ. శనివారం మధ్యాహ్నం పిల్లలకు ఓ మంచి సినిమా వేద్దామని సోషల్ మాస్టారు, సిలబస్ సగం కూడా అవలేదు సినిమాలేంటండీ అని లెక్కల టీచరు. నేను బయాలజీ చెప్తాను. ఆదివారం చర్చిలో సండే స్కూల్ పిల్లల్ని చూసుకుంటాను. పుట్టింటికి వెళ్తే అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘం మీటింగ్‌లో ఫోన్‌ని టీవీకి కలిపి వీడియో పెట్టే పని కూడా నా నెత్తినే పడుతుంది. అలా మూడు చోట్లా తెర ముందు జనం ఎలా కూర్చుంటారో, ఎప్పుడు కునుకు తీస్తారో చూస్తూనే ఉన్నాను. నా లెక్కలో తేడా అంతా ఒక్కచోటే ఉంది: మధ్యలో ఆపి మాట్లాడే మనిషి ఉన్నారా లేరా అన్నదే.

ముందు బడి. పూర్తి సినిమా వేయాలంటే మూడు పీరియడ్లు కలపాలి, ఎనిమిది, తొమ్మిది తరగతులు రెంటినీ ఒకే హాల్లో కుక్కాలి, కిటికీలకు ఆడపిల్లల చున్నీలు కట్టాలి. అయినా సందుల్లోంచి ఎండ పడి తెర సగం తెల్లగా కనిపిస్తుంది, వెనక వరసకు మాటలు ప్రతిధ్వనిగా తప్ప వినపడవు. మర్నాడు ఏం గుర్తుందిరా అంటే ఫైటూ పాటా. కానీ ఒకటి ఒప్పుకోవాలి, స్వాతంత్ర్య పోరాటం లాంటి పాఠానికి పూర్తి సినిమా చేసే పని ముక్క చేయలేదు. జైలు తలుపు మూసుకున్నప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టడం మూడు నిమిషాల క్లిప్‌తో రాదు. కాబట్టి సోషల్ మాస్టారి మాట పూర్తిగా కొట్టేయను. ఏడాదికి రెండుసార్లు, అది కూడా రెండు రోజులకి పంచి వేస్తే సరే.

సైన్సుకి మాత్రం ముక్కే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. నాడు-నేడు పథకం కింద బడికి వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్‌స్క్రీన్ టీవీ లాంటిది) మీద గుండె పనిచేసే యానిమేషన్ ఒకటి వేస్తాను, నిమిషంన్నర ఉంటుంది. మొదటిసారి వేసినప్పుడు మొత్తం చూపించి 'అర్థమైందా' అంటే 'ఆఁ టీచర్' అని అందరూ ఒకేసారి అరిచారు, నేనూ మురిసిపోయాను. వారం తర్వాత స్లిప్ టెస్ట్‌లో ముగ్గురు రాసింది చూసి తల పట్టుకున్నాను, సిరల్లో నీలం రక్తం ఉంటుందట. బొమ్మలో అలాగే ఉంది కదా మరి! ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని తేడా తెలియడానికి నీలంగా వేస్తారు, నిజానికి అది ముదురు ఎరుపే. ఈ సంగతి వీడియో చెప్పదు, నేను చెప్పాలి. ఇప్పుడు ఆ నీలం రంగు కనబడగానే ఆపేస్తాను. 'ఎవరికైనా ఆసుపత్రిలో రక్తం తీశారా, సూదిలోకి ఏ రంగు వచ్చింది?' అని అడుగుతాను. సూదితో తీసేది సిర నుంచే కదా, పిల్లలే జవాబు చెప్పేస్తారు. ఆ తర్వాత సౌండ్ మొత్తం తీసేసి రెండోసారి వేస్తాను, ఈసారి మాటలు మావి. ఒక పిల్ల లేచి వ్యాఖ్యానం చెప్తుంది, తప్పు చెప్తే మిగతావాళ్లు అరుస్తారు. నిమిషంన్నర వీడియోకి ఇరవై నిమిషాలు పడుతుంది.

వాట్సాప్‌లో లింకు పంపి ఇంటి దగ్గర చూసి రమ్మనడం అన్నిటికన్నా దండగ. నాన్న ఫోను రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రాదు, వచ్చాక ఆ పిల్లాడు చూసేది గుండె వీడియో అని మీరు నమ్మితే మీ ఇష్టం.

యంత్రం వస్తే పాఠం దానంతటదే వచ్చేస్తుందన్న ఆశ కొత్తదేం కాదు. సినిమా వచ్చింది, ఇక పుస్తకాలకి కాలం చెల్లింది, పదేళ్లలో బడుల తీరే మారిపోతుంది అని 1913లోనే ఎడిసన్ అన్నాడు. మన దగ్గర 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేర్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి. ఆ రోజులకి అది పెద్ద విషయమే, కానీ పైనుంచి వచ్చే కార్యక్రమాన్ని బడిలో టీచరు ఒక్క క్షణం ఆపలేరు, పిల్లాడు చెయ్యెత్తితే బొమ్మ ఆగదు. మనకిప్పుడు ఆ ఆపే బటన్ ఉంది, వాడేవాళ్లే తక్కువ.

చర్చికి వస్తే నా లెక్క తిరగబడుతుంది. 1978లో విజయచందర్ యేసుగా వేసిన కరుణామయుడు ఇప్పటికీ క్రిస్మస్ ముందు ఊళ్లల్లో వేస్తూనే ఉంటారు, హిందీలో దయాసాగర్ పేరుతో ఉత్తరాది పల్లెలకు కూడా పోయింది. రెండు కర్రల మధ్య తెల్లగుడ్డ కట్టి ఖాళీ స్థలంలో వేస్తే, చర్చి గడప తొక్కని వాళ్లు కూడా మంచం మీద కూర్చుని చూస్తారు. దీన్ని ముక్కలు చేసి చూపిస్తే ఏం లాభం, జనం వచ్చేదే కథ కోసం. అయితే మా దగ్గర ఒకసారి సిలువ మోసే చోట సరిగ్గా కరెంటు పోయింది. జనరేటర్ కోసం మా తమ్ముడు పరుగెత్తాడు, ఇరవై నిమిషాలు చీకటి. ఎవరూ లేవలేదు. ఆ చీకట్లోనే ఒక ముసలమ్మ 'అయ్యగారూ, ఆయనతో ఉన్నోళ్లంతా ఏమైపోయారు, ఒక్కడూ అడ్డం రాలేదేం?' అని అడిగింది. పాస్టరు గారు మైకు లేకుండానే ఒక పది నిమిషాలు మాట్లాడారు, ఆయన ఏడాదంతా చెప్పిన ప్రసంగాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే (ఇది ఆయన చదవకపోతే బాగుండు). అప్పట్నుంచి మేమే కావాలని మధ్యలో టీ విరామం పెడుతున్నాం. సండే స్కూల్ పిల్లలకైతే పది నిమిషాల బొమ్మల కథ దాటనివ్వను, దావీదు గొల్యాతు కథ వేస్తే వడిసెల రాయి దగ్గరే ఆపేస్తాను, తర్వాత ఏమైందో వాళ్లు బైబిల్లో వెతికి చదవాలి.

ఇక ఊరు. అసలు మజా ఇక్కడే. సంఘంలో జీవామృతం (పేడ, మూత్రంతో ఇంట్లోనే చేసుకునే ఎరువు) గురించి రెండు వీడియోలు వేశాం. మొదటిది ఖరీదుగా తీసింది, ఇస్త్రీ చొక్కా రైతు, పుస్తకం తెలుగు, వెనక వీణ. మా పిన్ని ఐదో నిమిషంలోనే 'వాళ్లకేంలే, బోరు ఉంది' అనేసి బీన్స్ ఒలవడం మొదలుపెట్టింది. రెండోది పక్క ఊళ్లో ఒకామె ఫోన్‌తో తీయించుకున్నది, ఏడు నిమిషాలు, మధ్యలో కోళ్ల అరుపులు. 'ఇది సుబ్బమ్మక్క కోడలు కదే!' అని ఒకరు అనగానే అందరూ టీవీ దగ్గరికి జరిగారు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి అనేసరికి 'ఆపు ఆపు' అన్నారు. శనగపిండి కొనాలా, ఇంట్లో ఉలవపిండి ఉంటే చాలదా? అక్కడే ఆమెకి ఫోన్ చేశారు, ఏ పప్పుధాన్యం పిండైనా పర్లేదంది.

వీడియోలతో రైతులకు సాగు పద్ధతులు చెప్పే డిజిటల్ గ్రీన్ అనే సంస్థ పని చేసేదీ ఈ పద్ధతిలోనే, కర్ణాటకలో మొదట చేసిన ప్రయోగంలో మామూలు విస్తరణ పద్ధతి (మనుషులు వచ్చి రైతులకు చెప్పిపోయేది) కన్నా ఖర్చు లెక్కన పది రెట్లు మెరుగ్గా ఉందని తేలింది. స్థానిక రైతే తెర మీద ఉండాలి, చూపించేటప్పుడు ఊరి మనిషి ఒకరు ఆపి ప్రశ్నలు అడగాలి, ఈ రెండూ వాళ్ల పద్ధతిలో ముఖ్యం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలైతే కెమెరా తామే పట్టి, తమ విత్తనాల మీద తామే ఫిల్ములు తీశారు. దీనిలో ప్రమాదం కూడా ఉంది, పక్కూరామె మోతాదు తప్పు చెప్పినా జనం అంతే గట్టిగా నమ్ముతారు. వేసేముందు వ్యవసాయ శాఖ వాళ్లెవరికైనా ఒకసారి చూపించడం మంచిది.

రెండు పిడకల వేట లాంటి విషయాలు. డబ్బా మీద వేలల్లో ల్యూమెన్లు (వెలుతురు కొలత) రాసి ఉన్న చవక ప్రొజెక్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొని నేను మోసపోయాను, పగటిపూట దాని బొమ్మ గోడ మీద మరకలా కనబడింది. పాతిక మందికైతే 43 అంగుళాల టీవీ చాలు, ప్రొజెక్టర్ రాత్రికే. ఇంకోటి, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బడికి వెసులుబాటు ఇస్తుంది. పిల్లలు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే చూపిస్తే బడి కార్యక్రమంలో భాగంగా సినిమా వేసుకోవచ్చు. ఊరందరినీ పిలిచి మైదానంలో వేస్తే అది వర్తించదు, చర్చి అయినా సరే, హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. టికెట్ లేదు కదా అంటే కుదరదు.

మా స్టాఫ్ రూమ్ గొడవ చివరికి ఇలా తేలింది: ఈ శనివారం సినిమాలో మొదటి 40 నిమిషాలు, ఆ తర్వాత పీరియడ్ లెక్కల టీచరుదే, వచ్చే శనివారం మిగతాది. ఎక్కడ ఆపాలో సోషల్ మాస్టారు ముందే చూసి రాసుకొస్తానన్నారు. కిటికీలకు చున్నీలు ఎవరు తేవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.