ఆదివారం విశ్రాంతా, రోజూ అరగంటా: ఏది మేలు?

వారమంతా పరిగెత్తినా ఆదివారం ఉందిగా అన్న ధీమాతోనే మనలో చాలామంది శనివారం దాకా లాక్కొస్తాం. కొందరు రోజూ కాసేపు నడుం వాలుస్తారు. ఇంకొందరు సెలవులన్నీ కూడబెట్టి ఏడాదికోసారి వారం పది రోజులు ఎటైనా వెళ్లొస్తారు. ఉద్యోగం, ఇల్లు రెండూ మోసే ఆడవాళ్ల వైపు నుంచి ఈ మూడింటినీ తూచి చూస్తే నా ఓటు రోజూ అరగంటకే.

ముందు ఆదివారం సంగతి. ఈ సెలవు మనకు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే, 1890లో మిల్లు యజమానులు వారానికో సెలవుకు ఒప్పుకున్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దాన్ని హక్కుగా రాసింది. కానీ ఇంటి పనికి అలాంటి సెలవు ఇప్పటికీ లేదు. ఆదివారం మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. టిఫిన్ ఎనిమిదింటికి బదులు పదింటికి, అదీ పూరీనో మసాలా దోసో. ఆ గిన్నెలు సర్దేలోపు చికెన్ వస్తుంది. భోజనాలయ్యాక సింకు నిండా జిడ్డు గిన్నెలు. పొద్దున నానబోసిన మినప్పప్పు సాయంత్రం గ్రైండర్‌లో వేయకపోతే సోమవారం ఇడ్లీ ఉండదు. మధ్యలో యూనిఫాంలకు ఇస్త్రీ, "అమ్మా, రేపటికి చార్టు కావాలి" అని ఏడింటికి గుర్తొచ్చే ప్రాజెక్టు. మంచమెక్కేసరికి మామూలు రోజు కంటే ఎక్కువ అలసట. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్లకు సగటున రోజుకు 289 నిమిషాలు వాటికే పోతున్నాయి. మగవాళ్లలో ఆ పనులు ముట్టుకునేవాళ్లే తక్కువ, ముట్టుకున్నవాళ్లకు 88 నిమిషాలు. ఈ లెక్క మారనంత కాలం ఆదివారాన్ని అందరి విశ్రాంతి అనడానికి నాకు మనసొప్పదు.

సెలవే కదా అని ఎండెక్కేదాకా పడుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఒంట్లోని గడియారం రోజూ ఒకే వేళకు అలవాటు పడుతుంది. ఒక్కరోజు మూడు గంటలు ఆలస్యంగా లేస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం తల బరువు. శాస్త్రవేత్తలు దీన్ని సోషల్ జెట్‌లాగ్ అంటారు. వారమంతా నిద్ర చాలనివాళ్లు ఒక గంట ఎక్కువ పడుకుంటే మేలే, మధ్యాహ్నం దాకా లాగితేనే ఇబ్బంది.

రోజూ అరగంట ఎందుకు మెరుగంటే, అలసట పేరుకోకముందే తీరుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య వచ్చే మత్తుకు అన్నం ఒక్కటే కారణం కాదు. తినకపోయినా ఆ వేళకు చురుకు తగ్గుతుంది. అప్పుడు 15, 20 నిమిషాల కునుకు చాలు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారిపోయి, లేచాక ఇంకా మబ్బుగా ఉంటుంది. నాసా దూరప్రయాణ విమానాల పైలట్లకు 40 నిమిషాల విరామం ఇచ్చి చూస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. ఆ కాస్త నిద్రతోనే, విరామం లేనివాళ్ల కంటే చురుగ్గా పనిచేశారు.

ఆఫీసులో పడుకోవడం ఎలా అంటారా? ఫ్యాక్టరీల్లో వరుసగా ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని ఆ 1948 చట్టంలోనే రాశారు. మీ లంచ్ బ్రేక్‌లో తినడానికి పోగా మిగిలిన పది నిమిషాలు ఫోన్ బ్యాగులో పడేసి, కుర్చీలోనే కళ్లు మూసుకోండి. రీల్స్ చూస్తే కళ్లకూ బుర్రకూ ఇంకా పని పెట్టినట్టే. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకైతే కూర్చోవడమే విశ్రాంతి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కూర్చునే హక్కును చట్టంలో పెట్టాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి షాపులో ఆ స్టూలు వేయించాల్సిందే.

ఇంట్లో మాత్రం అరగంట దానంతటది దొరకదు. ఒక పని చేతి నుంచి దిగితేనే దొరుకుతుంది. "ఏవండీ, రాత్రి గిన్నెలు ఇకనుంచి మీవి", "అత్తయ్యా, ఏడింటి దాకా వీణ్ణి మీ దగ్గర ఉంచుకోండి" అని పని పేరు, టైమ్ పెట్టి అడగండి. "కాస్త సాయం చేయొచ్చుగా" అంటే రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక టూర్లు. వెళ్లొచ్చిన హుషారు కొన్ని వారాల్లోనే తగ్గిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. బట్టలు సర్దడం, వచ్చాక ఉతకడం కూడా ఇల్లాలి పనే. పుట్టింటికి వెళ్తే వేరు. కంచంలో వడ్డించి "ఇంకాస్త పెట్టుకో" అనే అమ్మ ఉన్నంత కాలం ఆ నాలుగు రోజులు వదులుకోవద్దు. కానీ దాని కోసం పదకొండు నెలలు ఒళ్లు హూనం చేసుకోవడం తగదు.

ఒక్కమాట. పెద్దవాళ్లకు రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, పగటి కునుకు దానికి బదులు కాదు. రాత్రుళ్లు నిద్ర పట్టక బాధపడేవాళ్లు పగలు పడుకోకపోవడమే మంచిది. వాళ్లు ఆ అరగంట కాళ్లు చాపుకుని ఊరికే కూర్చోవచ్చు. సరిపడా నిద్రపోయినా పగలంతా తూలుతుంటే, గట్టిగా గురక వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోండి.