బాపు పుట్టినరోజు భోజనం: హోటల్లోనా, పాకాల చెరువు గట్టు మీదనా, అక్క వాళ్లింట్లోనా?

మా బాపుకు, అంటే నాన్నకు, ఈ దసరాకు 78 నిండుతాయి. ఆధార్ కార్డులో మాత్రం ఆయన పుట్టినరోజు జులై 1. బడిలో వేసిన రోజు పంతులు తోచిన తారీఖు రాసుకున్నాడు. ఆ తరంలో చాలామందికి ఇదే కథ. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ "దసరా ఎల్లిన మూడోనాడు పుట్టిండు నా కొడుకు" అనేది. బతుకమ్మకు అక్క, చెల్లె ఎలాగూ పిల్లలతో వస్తారు కాబట్టి మేం నాయనమ్మ మాటనే పట్టుకున్నాం.

75 నిండిన ఏడాది నుంచి బయటివాళ్లను పిలవకుండా ఇంటివాళ్లం పద్నాలుగు మందిమే కూర్చొని భోజనం చేస్తున్నాం. మూడేళ్లలో మూడు రకాలుగా చేశాం. వాటిలో ఏది మేలు అని అడిగితే ముందు మా ఇంటి సంగతి రెండు ముక్కలు చెప్పాలి.

బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు మూతపడేదాకా ఆయన బతుకంతా సాంచాల (మర మగ్గాల) మధ్యే గడిచింది. ఆ చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాయి. చప్పుడు వల్ల వచ్చే చెవుడులో ముందు సన్నని శబ్దాలు పోతాయి. అందుకే మనం మాట్లాడుతున్నట్టు ఆయనకు తెలుస్తుంది, మాట మాత్రం విడిపడదు. గట్టిగా అరిస్తే ఇంకా గందరగోళమే. మన ముఖం కనబడేలా ఎదురుగా కూర్చొని, నింపాదిగా చెప్తే అందుతుంది. చెవి మిషన్ ఉంది గానీ, అది మన గొంతుతో పాటు గిన్నెల మోతనూ పెంచుతుంది.

ఇక అమ్మ. ఆమె తన వంటింట్లో ఉన్నంతసేపు కూర్చోదు. అందరి విస్తళ్లలో వడ్డించాక చివరికి గోడ పక్కన పీట వేసుకొని చల్లారిన అన్నం తింటుంది. యాభై ఏళ్లుగా అదే చూస్తున్నాం.

అందుకని మేం ఏ భోజనాన్నైనా రెండు విషయాల మీదే తూచుతాం: బాపుకు మా మాట వినబడాలి, అమ్మ లేవకుండా తినాలి. రుచి, ఖర్చు, ఫోటోలు ఆ తర్వాత.

మొదటి ఏడాది హన్మకొండలో ఒక హోటల్లో ప్రైవేట్ గది మాట్లాడాం. ఫోన్లో గది అంటే నాలుగు గోడలు అనుకున్నాం. వెళ్లి చూస్తే మూడు గోడలు, నాలుగోది మడత తలుపు. అవతల ఎవరిదో ఎంగేజ్‌మెంట్, పెద్ద బాక్సుల్లో పాటలు. కింద టైల్స్, పైన ఏసీ మోత, చుట్టూ అద్దాలు. మాట్లాడిన ప్రతి మాటా గోడకు తగిలి తిరిగొస్తోంది. అక్క "బాపూ, మటన్ వేయాల్నా?" అంటే "ఆఁ, మంచిగనే ఉన్న బిడ్డా" అన్నాడు. తర్వాత ఎవరేం అడిగినా తల ఊపి నవ్వాడు. గంటన్నర పాటు తన పుట్టినరోజులో తానే చుట్టంలా కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మిషన్ తీసి టేబుల్ మీద పెట్టి "తల నొస్తున్నది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా హోటల్‌ను పూర్తిగా కొట్టిపారేయను. ఆ రోజు అమ్మ మొదటి ముద్ద నుంచి పెరుగన్నం దాకా ఒక్కసారి కూడా లేవలేదు. పట్టుచీర కట్టుకొని కూర్చొని, వేడివేడిగా తిన్నది. పైగా లిఫ్ట్ ఉంది, కూర్చునే టాయిలెట్ ఉంది, అంట్ల గోల లేదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇవి చిన్న విషయాలు కావు. మీ ఇంట్లో పెద్దవాళ్ల చెవులు బాగుండి, మోకాళ్లే ఇబ్బంది పెడుతుంటే హోటలే మేలంటాను. కాకపోతే అడ్వాన్స్ ఇచ్చే ముందు స్వయంగా వెళ్లి చూడండి. గోడ గోడేనా, మడత తలుపా? అదే అంతస్తులో ఫంక్షన్ హాల్ ఉందా? కుర్చీలు గట్టివా, లేక లోపలికి కుంగిపోయే సోఫాలా? సోఫాలో కూర్చున్న పెద్దాయన లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. బఫే వద్దు, కూర్చున్న చోటికే వడ్డించమనండి. మమ్మల్ని గదికి అద్దె అడగలేదు గానీ బిల్లు కనీసం ఇంత కావాలన్నారు. దానికోసం ఎవరూ తినని మంచూరియాలు, పనీర్ కూరలు చెప్పాల్సి వచ్చింది. బాపు అడిగిన పచ్చిపులుసు మాత్రం వాళ్ల మెనూలో లేదు.

రెండో ఏడాది తమ్ముడు రామప్ప పోదామన్నాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వాడికి అదే మాట. కానీ పాలంపేట దాకా డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది, బాపుకు గంటకోసారి బండి ఆపాలి. చివరికి నర్సంపేట మీదుగా పాకాల వెళ్లాం. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువు, వానాకాలం అయిపోయాక నిండుగా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మిల్లు దోస్తులతో సైకిళ్ల మీద వచ్చేవాడినని బాపు దారంతా చెప్పాడు. గట్టు మీద నీళ్లు, చెట్లు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆయన అంత మాట్లాడగా నేను ఏళ్ల తర్వాత విన్నాను.

తిండి దగ్గరే ఇబ్బంది వచ్చింది. వండిన అన్నం, కూరలు బయటి వేడికి రెండు గంటలు మించి ఉంచకూడదంటారు. పొద్దున ఆరింటికి వండిన కోడికూరను ఒంటిగంటకు పెద్దవాళ్లకు పెట్టాలంటే భయమే. అందుకే అమ్మ సద్దులు కట్టింది: చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, మలీద. చింతపండు పులుపు ఉంది కాబట్టి పులిహోర నిలుస్తుంది. మన పెద్దవాళ్లు బతుకమ్మ సద్దులకు అవే ఎంచుకున్నారంటే ఊరికే కాదు. కానీ వాటి కోసం అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచింది. పైగా మేం చేరేసరికి ఆలస్యమై రెండు దాటింది. బాపు పొద్దున్నే షుగర్ గోలీ వేసుకున్నాడు. కొన్ని షుగర్ గోలీలు వేసుకున్నాక తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. ఆయనకు చెమటలు పట్టి చేతులు వణికాయి. జేబులోని చాక్లెట్ తినిపించి, మలీద పెడితే పావుగంటలో తేరుకున్నాడు. ఆ పావుగంట మా అందరికీ ఎంత టెన్షనో చెప్పలేను. నడవగలిగి, వేళకు తినకపోయినా తట్టుకోగలిగిన వాళ్లకు చెరువు గట్టు భోజనాన్ని మించింది లేదు. మా బాపుకు ఆ కాలం దాటిపోయింది. ఆయనకు ఇప్పుడు భోజనం ఇంట్లో, షికారు సాయంత్రం, విడివిడిగా ఉండాలి.

మూడో ఏడాది వంటామెను పెట్టుకున్నాం. ఎక్కడ వండించాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఇంట్లో అయితే అమ్మ ఊరుకోదు. వంటామె వెనకాలే నిలబడి ఉప్పు చూస్తుంది, పోపు చూస్తుంది. అందుకని కాజీపేటలో అక్క వాళ్లింట్లో పెడదామన్నాను. అమ్మ మొదట ఒప్పుకోలేదు. "కొడుకులుండంగ కూతురింట్ల దావత్ ఏందిరా, నలుగురు ఏమనుకుంటరు?" అన్నది. బావ వచ్చి "అత్తమ్మా, నేను మీకు కొడుకును కానా?" అని అడిగితే మెత్తబడింది. ఆమె చెయ్యి అస్సలు పడకపోతే బాపు తినడు కూడా. అందుకే పచ్చిపులుసు ఆమెకే వదిలేశాం. అది పొయ్యి పని కాదు: చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ, వేయించిన నువ్వుల పొడి కలిపితే పది నిమిషాల్లో అయిపోతుంది. కలిపేసి వచ్చి బాపు పక్కన కూర్చున్నది. అది ఆమె వంటిల్లు కాదు కాబట్టి మళ్లీ లోపలికి పోలేదు.

పెళ్లి వంటలు చేసే వాళ్లు పద్నాలుగు మందికి రారు, వచ్చినా యాభై మందికి సరిపడా సామాను చిట్టీ రాస్తారు. చిన్న వంటలు చేసే వంటామెను వాడకట్టులో అడిగితే దొరుకుతుంది. అంట్లు తోమే మనిషికి కూలి విడిగా మాట్లాడుకోవాలి, లేకపోతే ఆ గిన్నెలు అక్క నెత్తిన పడతాయి. వారం ముందే ఒక్క కూర చేయించి రుచి చూశాం. బాపుకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించాలి. కానీ వయసు మీద పడ్డాక నాలుకకు రుచి తెలియడం తగ్గుతుంది, ఉప్పు తగ్గితే చప్పగా ఉందని పక్కకు పెట్టేస్తాడు. వంటామె పుంటికూర (గోంగూర) పులుపు, ఎల్లిగడ్డ (వెల్లుల్లి), ధనియాలు కొంచెం ఎక్కువేసి సర్దింది. పళ్లు సగమే ఉన్నాయి కాబట్టి మటన్ చిన్న ముక్కలు కొట్టించి, పుంటికూరతో మెత్తగా ఉడికించింది. జొన్నరొట్టెను ఆ పులుసులో నానబెట్టుకొని తిన్నాడు. పిల్లలకు బగారన్నం, నాటుకోడి. తీపి కోసం పోలెలు (బొబ్బట్లు). బాపుకు ఒకటి మొత్తం వద్దని సగం పెట్టాం. కానీ పెట్టాం. పుట్టినరోజు నాడు ఆయన ముందు అందరం తింటూ ఆయనను చూస్తూ కూర్చోమనడం నాకు నచ్చదు.

ఖర్చు హోటల్ బిల్లులో సగం కూడా కాలేదు. వంటామెకు, అంట్లు తోమిన మనిషికి కూలితో పాటు చీరలు పెట్టినా అంతే.

పన్నెండున్నరకు కూర్చున్నాం. టీవీ కట్టేసి, ఫోన్లు పక్క గదిలో పెట్టేశాం. బాపును గోడకు ఆనించి, కిటికీ వెలుగు ఎదుటివాళ్ల ముఖాల మీద పడేలా కూర్చోబెట్టాం. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని పిల్లలకు ముందే చెప్పాం. అక్క కొడుకు మిల్లు గురించి ఏదో అడిగాడు. బాపు రొట్టె చేతిలోనే పట్టుకొని, సాంచా మీద నూలు తెగితే ఎట్లా ముడి వేస్తారో వేళ్లతో చేసి చూపించాడు. తిన్నాక వెంటనే లేవనివ్వలేదు. పెద్దవాళ్లకు కడుపునిండా తిన్న వెంటనే లేస్తే బీపీ పడి కళ్లు తిరగొచ్చు. అట్లా ఇంకో గంట కబుర్లు నడిచాయి.

కాబట్టి మా ఇంటికి మేలైనది కూతురిల్లు, చిన్న వంటామె, మధ్యాహ్నం భోజనం. ఒక్కటే లోటు జరిగింది: అక్క. ఇల్లు ఆమెది కాబట్టి ఆ రోజు నీళ్లకు, పెరుగుకు ఆమె లేస్తూనే ఉంది, అమ్మ చేసే పనంతా ఆమె చేసింది. ఈ ఏడు వడ్డన నాది, తమ్ముడిది. అక్క కుర్చీ బాపుకు ఎదురుగా, కిటికీ వెలుగు ముఖం మీద పడే చోట వేస్తున్నాం.