వెయ్యీ పదిహేను వందల మధ్య ఫుల్ ఫేస్ హెల్మెట్: పెట్టిన డబ్బుకు ఏం వస్తుంది?

రోడ్డు పక్క తాడుకు వేలాడదీసి అమ్మే రెండొందల టోపీ హెల్మెట్‌నీ, షాపులో పన్నెండొందలకు దొరికే, గడ్డం దాకా మొహమంతా కప్పే ఫుల్ ఫేస్‌నీ పక్కపక్కన పెట్టి లోపలి బట్ట పైకి లాగి చూడండి. టోపీలో బట్ట కింద పల్చటి స్పాంజి, దాని వెనక నేరుగా ప్లాస్టిక్. ఫుల్ ఫేస్‌లో స్పాంజి దాటాక గట్టి థర్మకోల్ పొర వేలికి తగులుతుంది. గోటితో నొక్కితే కాస్త సొట్ట పడాలి, పొడిపొడిగా రాలకూడదు. డబ్బులిచ్చేది ఆ పొరకే. రంగు, గ్రాఫిక్స్, వెనకాల రెక్కలాంటి స్పాయిలర్, ఇవన్నీ పైపై సోకులు.

ఎందుకంటే తల రోడ్డుకు కొట్టుకున్నప్పుడు పైచిప్ప దెబ్బను ఒక్క చోట దిగనీయకుండా చుట్టూ పరుస్తుంది, థర్మకోల్ నలుగుతుంది. అది నలగడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్లలోనే తల వేగం తగ్గాలి. లేకపోతే పుర్రె ఆగినా లోపల మెదడు ఆగదు. స్పాంజి వేలితో నొక్కితేనే అణిగిపోతుంది, అది దెబ్బను ఏం ఆపుతుంది? అందుకే టోపీ హెల్మెట్ చలానాకు అడ్డం పెట్టుకునే వస్తువే తప్ప తలకు అడ్డం పెట్టుకునేది కాదు. ఆ మాటకొస్తే చట్ట ప్రకారం చలానాకూ పనికిరాదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నిషేధం. అయినా ఊరూరా వేలాడుతూనే ఉన్నాయి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో రోడ్డు ప్రమాద మరణాలు 2020లో 1,38,383. లాక్‌డౌన్ ఏడాది కాబట్టి అది తగ్గిన అంకె. 2021లో 1,53,972, 2022లో 1,68,491, 2023లో 1,72,890. ఒక్క 2022నే తీసుకుంటే గాయపడినవాళ్లు 4,43,366 మంది. చనిపోయినవాళ్లలో 74,897 మంది టూవీలర్ మీద వెళ్తున్నవాళ్లు, అంటే నూటికి నలభై నాలుగు పైనే. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లుగా ఆ శాఖ నివేదిక లెక్కగట్టింది 50,029 మందిని: బండి నడిపేవాళ్లు 35,692, వెనక కూర్చున్నవాళ్లు 14,337. ఇక్కడే ఓ చిక్కుంది. ఈ లెక్క హెల్మెట్ ఉందా లేదా అన్నంత వరకే. పట్టీ బిగించారా, అది టోపీయా, సైజు సరిపోయిందా అన్నది అందులో ఉండదు. మిగిలిన దాదాపు పాతిక వేల మందిలో ఛాతీకి దెబ్బ తగిలినవాళ్లు, లారీ చక్రాల కింద పడ్డవాళ్లు ఎంతమందో, వదులు పట్టీ వల్ల హెల్మెట్ ఎగిరిపోయినవాళ్లు ఎంతమందో విడదీసి చెప్పే గడి లేదు. కాబట్టి కొనేటప్పుడు ఇవన్నీ మనమే చూసుకోవాలి.

మొదట గుర్తు. ఐఎస్ఐ ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అన్న అక్షరాల తర్వాత లైసెన్సు నంబరు ఉండాలి. పైన ఐఎస్ 2925 అని ఉంటే అది మేస్త్రీలు, ఫ్యాక్టరీ కార్మికులు పెట్టుకునే హెల్మెట్. ముద్ర అసలుదే, పని మాత్రం వేరు. పైనుంచి ఇటుక పడితే కాపాడడానికి చేసింది, బండి మీంచి పడితే కాదు. ఇక ముద్రను స్టిక్కరుగా అచ్చేసి అంటించడం పెద్ద కష్టమేం కాదు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్, దాని బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్సు వివరాలు సరిచూసే చోట ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, చిరునామా, లైసెన్సు ఇంకా నడుస్తోందా లేదా అన్నది వస్తుంది. పెట్టె మీది పేరూ, యాప్‌లో పేరూ ఒక్కటి కాకపోతే అక్కడే వదిలేయండి. దుకాణంలో నిలబడి ఈ పని చేయడానికి రెండు నిమిషాలు చాలు. షాపతను మొహం చిట్లిస్తే అదీ ఓ సమాచారమే.

వెనకవైపు పెద్ద అక్షరాల్లో డాట్ అని ఉండటాన్ని పట్టించుకోనక్కర్లేదు. అమెరికా ప్రమాణమైన డాట్‌ను తయారీదారే తనకు తాను ప్రకటించుకుంటాడు. మన దగ్గర అది చాలావరకు అలంకారం. యూరప్ వాళ్ల ఈసీఈ 22.06 సంగతి వేరు. అందులో ఏటవాలుగా తగిలే దెబ్బకు, తల మెలితిరిగే బలానికి కూడా పరీక్ష ఉంది. ఆ గుర్తు ఉన్నవి ధర ఎక్కువ. హైవే మీద రోజూ ఎనభై, తొంభై వేగంతో తిరిగేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. అయితే దాని పక్కన ఐఎస్ఐ కూడా ఉండాల్సిందే.

ఈ ధరలో కొన్న హెల్మెట్లు ఎక్కువగా దెబ్బతినేది సైజు దగ్గర. దర్జీ టేపు తీసుకుని కనుబొమ్మలకు ఓ వేలు పైన, చెవుల మీదుగా, తల వెనక ఎత్తుగా ఉన్న చోట చుట్టి కొలవండి. కొలత మిల్లీమీటర్లలో రాసుకోండి. ఎం, ఎల్ అన్న అక్షరాలను నమ్మొద్దు. ఒక కంపెనీ ఎల్ 580 అయితే ఇంకో కంపెనీ ఎల్ 600. లోపలి లేబుల్ మీద అంకె ఉంటుంది, అదే చూడాలి. కొత్తది పెట్టుకుంటే బుగ్గలు లోపలికి నొక్కుకుని మాట కాస్త ముద్దగా రావాలి. వాడేకొద్దీ చెంపల మెత్తలు అణుగుతాయి, కాబట్టి కొన్న రోజే హాయిగా ఉన్నది ఆర్నెల్లకు గుండ్రంగా తిరుగుతుంది. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం, నుదురు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది. పది నిమిషాలు తల మీదే ఉంచుకోండి. నుదుటి మధ్య ఒక్క చోట పోటులా మొదలైతే మీ తల ఆకారానికి ఆ మోడల్ కుదరదు, సైజు పెంచినా కుదరదు. మోడల్ మార్చాలి.

తర్వాత పట్టీ బిగించి, పక్కనున్నవాళ్లను వెనక అంచు పట్టుకుని పైకీ, ముందుకూ లాగమనండి. ఊడి కళ్ల మీదికి వచ్చేస్తే కొనకండి. ఇది ఏ షాపులోనూ వాళ్లంతట వాళ్లు చేసి చూపించరు.

పట్టీ బకిళ్లు మూడు రకాలు. ఈ ధరలో ఎక్కువగా వచ్చేది పళ్ల బద్ద లోపలికి తోసి, లివర్ ఎత్తితే ఊడే రకం. సిగ్నళ్ల దగ్గర తీసి పెట్టుకునేవాళ్లకు ఇదే సుఖం. దీని జబ్బేంటంటే పళ్లు చాలా ఉన్నాయి కదా అని చివరి రెండు పళ్లకే తగిలించి వదిలేస్తారు, గడ్డం కింద నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. రెండు వేళ్లకు మించి దూరకూడదు. అన్ని పళ్లూ తోసినా వదులుగానే ఉంటే రెండో వైపు పట్టీని సర్దే చోటు ఉంటుంది, అక్కడ కుదించాలి. దుమ్ము చేరితే లివర్ సగంలోనే ఆగుతుంది, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే చాలు. రెండు రింగుల్లోంచి పట్టీ దూర్చి లాగే రకం అన్నిటికన్నా గట్టిది, పాడయ్యే భాగమే లేదు, కాకపోతే చేతికి అలవాటు కావాలి. నొక్కితే టక్కున ఊడే ఉత్త ప్లాస్టిక్ క్లిప్పును మాత్రం తీసుకోకపోవడమే మేలు. ఎండకు పెళుసెక్కి ఓ మూల విరుగుతుంది.

వైజర్, అంటే మొహం ముందుండే అద్దం విషయంలో ఈ ధర కాస్త నిరాశ పెడుతుంది. గీతలు తొందరగా పడతాయి. పొడి బట్టతో దుమ్ము రుద్దేయడమే దానికి ముఖ్య కారణం. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి, మురికి నానాక తుడవాలి. గీతలు పడ్డ వైజర్‌లోంచి రాత్రి ఎదురు హెడ్‌లైటు చూస్తే వెలుగు చుక్కలు చుక్కలుగా చీలిపోతుంది, గుంతా కనపడదు, మనిషీ కనపడడు. కొత్త వైజర్ ఖర్చు హెల్మెట్ ధరలో చిన్న భాగమే, కాబట్టి మీ మోడల్‌కు విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. నల్ల వైజర్ పగటికే. వానాకాలం లోపల ఆవిరి పట్టడం ఈ తరగతిలో మామూలే, వైజర్‌ను ఒక్క మెట్టు తెరిచి నడపడమే తేలికైన మందు.

ఎండ సంగతి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఫుల్ ఫేస్ పెట్టమంటే తిట్టుకోవడం సహజం. పైన గాలి రంధ్రాలున్నా బండి కదిలితేనే పనిచేస్తాయి, సిగ్నల్ దగ్గర కాదు. లోపల పల్చటి నూలు టోపీ పెడితే చెమట దానికే అంటుతుంది, మెత్తలు కంపు కొట్టవు. మెత్తలు ఊడదీసుకునే మోడలే కొనండి. షాంపూ నీళ్లలో నానేసి, పిండకుండా నీడన ఆరేయాలి. ముందు భాగం పైకి లేచే ఫ్లిప్ అప్ రకం వేడికి కొంత నయమే గానీ బరువెక్కువ, గడ్డం భాగం తెరిచి నడిపితే అది గడ్డం కప్పని ఓపెన్ ఫేస్‌తో సమానం.

కొత్త బండితో పాటు షోరూమ్‌లో హెల్మెట్ ఇవ్వాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది. అలా వచ్చేది తరచుగా ఓపెన్ ఫేస్, ఉన్న సైజేదో అదే. ఐఎస్ఐదే అయితే, తలకు సరిపోతే వెనక కూర్చునేవాళ్లకు వాడండి, దవడకు రక్షణ లేదన్న సంగతి తెలిసి మరీ. వెనకవాళ్లకూ తప్పనిసరే. పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. పిల్లల సైజుల్లో అసలు ముద్ర ఉన్నవి చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. పెద్దల హెల్మెట్‌లో తువ్వాలు కుక్కి పెట్టడం మాత్రం పరిష్కారం కాదు.

ఇంటికి తెచ్చాక దాన్ని పాడుచేసేది మన అలవాట్లే. అద్దం కడ్డీకి తగిలిస్తే ఆ మొన లోపలి థర్మకోల్‌లో గుంట చేస్తుంది, సరిగ్గా నడినెత్తి దగ్గర. పెట్రోలు, థిన్నర్ తగిలితే థర్మకోల్ కరుగుతుంది, చిప్పలో వెంట్రుక వాసి పగుళ్లొస్తాయి. అందుకే తుడవడానికి సబ్బు నీళ్లు తప్ప ఏదీ వద్దు. నలిగిన థర్మకోల్ మళ్లీ ఉబ్బదు, కాబట్టి తలతో సహా ఒక్కసారి గట్టిగా కొట్టుకున్నది బయటికి బాగున్నా దాని పని అయిపోయినట్టే. ప్రమాదం లేకపోయినా లోపలి తయారీ తేదీ చూసుకుని ఐదేళ్లకు మార్చేయండి. పాతదాన్ని చెత్తలో వేసేముందు కత్తెరతో పట్టీలు రెండూ కోసేయండి. లేకపోతే తుడిచి, మళ్లీ ఏదో ఓ తాడుకు వేలాడదీస్తారు.