ఒక ఇల్లు, రెండు పాటల పెట్టెలు: ఐదేళ్ల వాడకం తర్వాత

మా వంటింట్లో మాట వినే చిన్న స్పీకరు ఉంది. హాల్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి సైజు కంప్యూటరు, దాని నెత్తిన డిజిటల్ పాటను యాంప్లిఫయరుకు పనికొచ్చే సిగ్నలుగా మార్చే ఓ డాక్ బోర్డు, పక్కన నాన్నగారి పాత యాంప్లిఫయరు. ఐదేళ్లుగా రెండూ వాడుతున్నాను.

స్పీకరు బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ పిండి చేతులతోనే "ప్లే ఘంటసాల సాంగ్స్" అంటుంది, వచ్చేస్తాయి. ఫలానా కీర్తనే కావాలంటే మాత్రం అదృష్టం ఉండాలి. ఓసారి త్యాగరాజ కృతి అడిగితే డీజే రీమిక్స్ ఎత్తుకుంది. నెట్ పోతే ఇక కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికే. మూడో ఏడు ఏదో అప్‌డేట్ వచ్చి, నేను రోజూ వాడే సదుపాయం ఒకటి మాయమైంది. ఫిర్యాదు చేస్తే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు.

హాల్లో నడిచేది లిరియన్ మ్యూజిక్ సర్వర్. నేను పెట్టుకున్నప్పుడు దాని పేరు లాజిటెక్ మీడియా సర్వర్. స్క్వీజ్‌బాక్స్ అనే, నెట్‌వర్క్ మీద పాటలు వినిపించే పెట్టెలను నడిపిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ పెట్టెల తయారీ 2012లోనే ఆగిపోయింది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నది కాబట్టి వాడేవాళ్లే దీన్ని బతికించుకున్నారు, 2024లో పేరు మారింది. నెట్ ఉన్నా లేకున్నా హార్డ్‌డిస్క్‌లో ఉన్నది పాడుతుంది. ఆలాపన ఒక ట్రాకుగా, కృతి ఇంకో ట్రాకుగా కోసిన కచేరీలు కూడా అతుకు తెలియకుండా సాగుతాయి. నాకు దీని మీద మనసు పడింది అక్కడే.

బిగించడం ఒక ఆదివారం పని. అసలు చాకిరీ ట్యాగులది, అంటే ప్రతి పాట ఫైల్లో ఉండే గాయకుడి పేరు, ఆల్బం పేరు లాంటి వివరాలది. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, సీడీల నుంచి తీసినవి కలిపి చూస్తే ఘంటసాల ఒక్కరే నలుగురయ్యారు: తెలుగు లిపిలో ఒకరు, ఇంగ్లిష్‌లో ఒకరు, పూర్తి పేరుతో ఒకరు, స్పెల్లింగ్ తప్పుతో ఇంకొకరు. ట్యాగులు దిద్దే ఎంపీత్రీట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్ ముందేసుకుని ఆ వానాకాలమంతా ఆ నలుగురినీ, అలాంటివాళ్లందరినీ ఒక్కటి చేస్తూ కూర్చున్నాను.

కరెంటు కోతల భయం పెద్దగా లేదు. రాస్ప్‌బెర్రీ పై మీద వేసుకున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పైకోర్‌ప్లేయర్ ర్యామ్‌లోనే నడుస్తుంది కాబట్టి ఠక్కున ఆగినా మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం చాలా తక్కువ. కాకపోతే కరెంటు రాగానే రౌటరు కంటే ముందే ఇది లేచి, వైఫై దొరక్క బిక్కమొహం వేసేది. రౌటరుకు చిన్న యూపీఎస్ తగిలించాక ఆ గోల తీరింది.

సొంత పాటల మూట లేనివాళ్లు హాల్లో పెట్టె జోలికి పోవద్దంటాను. మూట ఉన్నా, ఇంట్లో దాని లైన్‌మన్ మీరే అని ముందే తెలుసుకోండి.

హాల్లో పెట్టెలో అలారం పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఐదింటికి సుప్రభాతం దానంతటదే మొదలవుతుంది. కిందటేడు నేను విశాఖలో ఉండగా అమ్మ ఫోన్: "దీపం వెలుగుతోందిరా, పాట రావట్లేదు." ముందురోజు పనమ్మాయి దుమ్ము తుడుస్తూ యాంప్లిఫయరు మీట నొక్కేసిందట. ఆ సంగతి తేలేసరికి ఇరవై నిమిషాలైంది, ఈలోగా అమ్మ వంటింట్లోకెళ్లి స్పీకరును అడిగి వినేసింది. తిరిగొచ్చాక యాంప్లిఫయరు మీద కాగితం అంటించాను: "ముందు ఈ మీట చూడు."